మహిమల గుట్టు పెట్టె: పనిచేసేవి, చెయ్యి కాల్చేవి, లేనివి

పెట్టె మూత తీస్తే కనిపించేవి ఇవి: విభూతి ఉండల డబ్బా, పొటాషియం పర్మాంగనేటు సీసా, గ్లిజరిన్ సీసా, నిమ్మకాయ కోసే కత్తి, దానికి తోడు రెండు రసాయనాలు, నడుమ వంపు తిరిగిన శూలం, హారతి కర్పూరం, జానెడు మేకుల పలక, ఒక పల్చటి పుస్తకం. స్వాముల మహిమల గుట్టు విప్పి చూపించడానికి నాస్తిక, హేతువాద సభల్లో పుస్తకాల బల్లల పక్కన అమ్మే ప్రదర్శన పెట్టెలు ఎవరు కట్టినా కాస్త అటూ ఇటూగా ఇదే సామాను. ధర అమ్మేవాళ్లను బట్టి మారుతుంది కాబట్టి ఆ లెక్క వదిలేద్దాం. చాలావరకు కిరాణా కొట్లోనూ పూజసామాను కొట్లోనూ దొరికే సరుకే అని మాత్రం కొనేముందు గుర్తుంచుకోవాలి. మనం డబ్బు పెట్టేది శూలానికీ రసాయనాలకీ పుస్తకానికీ.

మార్కులు ముందే చెప్పేస్తే చదివేవాళ్లకి సుళువు. సామానుకి 5కి 4. పుస్తకానికి 5కి 2. సామాను బాగుండడానికి కారణం అది ఎన్నో ఏళ్లుగా ఊళ్లలో నలిగి నిలిచిన సరుకు కావడం. శ్రీలంకలో హేతువాది అబ్రహాం కోవూరు 1963లో మహిమ చూపించినవాళ్లకి లక్ష రూపాయలిస్తానని సవాలు విసిరారు. కోయంబత్తూరు పక్కన పోదనూరుకి చెందిన బసవ ప్రేమానంద్ ఇవే గారడీలు దేశమంతా తిరిగి జనానికి నేర్పారు. గోరా 1940లో ముదునూరులో మొదలుపెట్టి 1947లో విజయవాడ పటమటకి తెచ్చిన నాస్తిక కేంద్రం, ఆ తర్వాత జనవిజ్ఞాన వేదిక, తెలుగునాట ఇదే పని చేశాయి. అంతమంది చేతుల్లో తేలిన లోపాలు చాలావరకు సర్దుకున్నాయి.

పుస్తకం సంగతి వేరు. ప్రతి అంశం చివరా ఒకటే వాక్యం: కాబట్టి దేవుడు లేడు. వేళ్ల సందులోంచి విభూతి రాల్చినంత మాత్రాన ఆ మాట తేలదు. స్వాములు చూపించే మహిమ దైవశక్తి లేకుండానే చెయ్యొచ్చని తేలుతుంది, అంతే. ముందు వరసలో కూర్చున్న పదో తరగతి పిల్లవాడు కూడా ఈ సందు పట్టుకుంటాడు. పట్టుకున్నాక అప్పటిదాకా చూపించినదంతా చులకనైపోతుంది. దేవుడు లేడని చెప్పదలుచుకున్న నాస్తికుడు ఆ మాట దాని సొంత వాదాలతో, వేరే సమయంలో, బాహాటంగా చెప్పాలి. గారడీ భుజం మీద ఎక్కించి చెప్పకూడదు. పుస్తకం చేసే అసలు తప్పు ఇదే, దీని సంగతి మళ్లీ వస్తుంది.

విభూతితో మొదలుపెడదాం, ఎందుకంటే పెట్టెలో మేలైనది అదే. ఉండలు రేగుపండు కంటే చిన్నవి, శనగగింజ కంటే పెద్దవి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మూలలో ఒకటి నొక్కిపెట్టి, అరచెయ్యి కిందకి తిప్పి గాల్లో రెండు మూడు చుట్లు తిప్పాలి. తిప్పుతున్నప్పుడే ఉండ వేళ్ల కొసలకి జారుతుంది, అక్కడ నలిపితే పొడి రాలుతుంది. అరచెయ్యి కిందకే ఎందుకంటే, ఉండ కనబడకూడదు, పైగా భూమ్యాకర్షణ మన పని చేసిపెడుతుంది. డబ్బాలో వచ్చే ఉండలు నాలుగు ప్రదర్శనలకి అయిపోతాయి, తర్వాత ఇంట్లోనే చేసుకోవచ్చు. మెత్తటి విభూతిని పల్చటి గుడ్డలో జల్లించి, పల్చటి బియ్యపు గంజి చుక్కచుక్కగా వేస్తూ ముద్ద కట్టేదాకా కలపాలి. నీడలో ఒక రోజు, ఎండలో ఒక పూట ఆరబెట్టాలి. గంజి ఎక్కువైతే ఉండ గులకరాయిలా తయారై వేదిక మీద ఎంత నలిపినా రాలదు. తక్కువైతే చేతి చెమటకే కరిగి వేళ్ల సందున బూడిద చార కనిపిస్తుంది. వానాకాలంలో డబ్బాలో గుప్పెడు వేయించిన బియ్యం వేసి ఉంచితే తేమ పట్టదు.

ఈ అంశానికి పుస్తకంలో ఒక పేజీ కేటాయించారు, అందులో సగం తిట్లే. అక్కడ ఉండాల్సింది చరిత్ర. పుట్టపర్తి సత్యసాయిబాబా గాల్లోంచి విభూతి, ఉంగరాలు, గొలుసులు తీస్తారని భక్తులు నమ్మే రోజుల్లో, 1976లో బెంగుళూరు విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ హెచ్. నరసింహయ్య మహిమలను పరీక్షించడానికి ఒక సంఘం వేసి, పరీక్షకి ఒప్పుకోమని ఆయనకి ఉత్తరాలు రాశారు. జవాబు రాలేదు. ప్రేమానంద్ 1986లో ఇంకో దారి పట్టారు: గాల్లోంచి బంగారం తీస్తే బంగారు నియంత్రణ చట్టం కింద అనుమతి కావాలి కదా అని ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకెక్కారు. కేసు కొట్టేశారనుకోండి, అయినా ఆ ప్రశ్న ఎంత చమత్కారమో చూడండి. దేవుణ్ణి గానీ భక్తుణ్ణి గానీ ఒక్క మాట అనలేదు, ‘ఇది నిజమైతే దీని పర్యవసానం ఏమిటి’ అని మాత్రమే అడిగారు. ప్రదర్శనలో ఇవి రెండూ చెప్పి, మన చేతిలోని ఉండని జనానికి విప్పి చూపించి, ‘ముందే అరచెయ్యి రెండు వైపులా చూపించమంటే నేనేం చేసేవాణ్ణి?’ అని అడిగితే చాలు. గుమ్మడికాయ సృష్టించమని అడగడం హేతువాదుల పాత పద్ధతి. వేళ్ల సందున గుమ్మడికాయ దాగదు.

హోమగుండం తనంతట తాను అంటుకోవడం. జనానికి ఇష్టమైన అంశం, జాగ్రత్త తప్పితే ప్రమాదం. మెత్తటి పర్మాంగనేటు పొడి 5 గ్రాముల లోపు ఇనుప మూకుడులో కుప్పగా పోసి నడుమ చిన్న గుంట చెయ్యాలి. చుట్టూ ఎండు కొబ్బరి పీచు, సన్నటి పుల్లలు. మంత్రం చదువుతూ నెయ్యి పేరుతో అరచెంచా గ్లిజరిన్ ఆ గుంటలో పొయ్యాలి. కొన్ని సెకన్లకి పొగ, ఆ వెంటనే ఊదారంగు అంచుతో మంట. పర్మాంగనేటులోని ఆక్సిజన్ గ్లిజరిన్‌ని దహించే చర్య ఇది, వేడి పెరిగేకొద్దీ ఇంకా జోరందుకుంటుంది.

అంటుకోకపోతే కారణం దాదాపు ఎప్పుడూ గ్లిజరినే. మందుల షాపులో చర్మానికి రాసుకోమని ఇచ్చేది కొన్నిసార్లు రోజ్‌వాటర్ కలిపినది, నీళ్లున్నది మండదు. సీసా మీద ఏం రాసుందో చదివి కొనాలి. రెండో కారణం పలుకులు పెద్దవి కావడం: చర్య నెమ్మదిగా సాగి వేడంతా గాలికి పోతుంది. మూడోది చలికాలం, తెల్లవారుజామున గ్లిజరిన్ తేనెలా చిక్కబడి పొడిలోకి ఇంకదు, సీసాని గోరువెచ్చటి నీళ్లలో కాసేపు పెడితే సరి. పుస్తకం ఇవేవీ చెప్పలేదు సరికదా, ‘మంట రాకపోతే ఇంకాస్త పొయ్యండి’ అంది. ఇది పచ్చి తప్పు. ఆలస్యంగా రాజుకునే కుప్ప మీద వంగి ఇంకా పోస్తే మొహం కాలుతుంది. రెండు నిమిషాలు చూసి అంటుకోకపోతే దూరం నుంచే బకెట్టెడు నీళ్లు పోసి ఆ అంశం వదిలెయ్యాలి. రెండింటినీ ముందే కలిపి ఉంచకూడదు, మూతున్న పాత్రలో చెయ్యకూడదు, రవాణాలో రెండు సీసాలూ ఒకే సంచిలో పెట్టకూడదు. మన పెట్టెలో అవి పక్కపక్క గూళ్లలోనే ఉన్నాయి, సామానుకి ఒక మార్కు తెగింది ఇక్కడే.

నిమ్మకాయ రక్తం కక్కడానికి పెట్టెలో ఇచ్చినవి ఫెర్రిక్ క్లోరైడ్, పొటాషియం థయోసయనేట్ ద్రావణాలు. ఒకటి కత్తికి, ఇంకొకటి సిరంజితో నిమ్మకాయలోకి. రెండూ కలిసినచోట నెత్తురంత ఎరుపు. రంగు మాత్రం అదిరిపోతుంది. కానీ ఫెర్రిక్ క్లోరైడ్ ఇనుముని తినేస్తుంది, ముందురోజు రాత్రే పూసి ఉంచితే పొద్దున్నకి కత్తి తుప్పు మచ్చలతో దొంగలా దొరికిపోతుంది. కోసేముందు పావుగంటలోనే పూయాలి. ఆ నిమ్మకాయని ఎవరూ నోట పెట్టకుండా అక్కడికక్కడే పారెయ్యాలి, పిల్లలు మజ్జిగలో పిండుకుంటారు. ఇన్ని తంటాలెందుకు, మందార పువ్వు రేకలు కత్తికి రెండువైపులా గట్టిగా రుద్ది ఆరనిస్తే చాలు, నిమ్మ పులుపు తగలగానే ఎర్రబడుతుంది. పల్లెల్లో భూతవైద్యుల అసలు పద్ధతికి దగ్గరగా ఉండేది ఇదే, ఖర్చు సున్నా. ఎరుపు కాస్త పల్చన, అంతే తేడా. ఒక పొరపాటు తరచూ జరుగుతుంది: పసుపు పూసిన కత్తితో ప్రయత్నించడం. పసుపు ఎర్రబడేది సున్నం లాంటి క్షారానికి, పులుపుకి కాదు. దిష్టి తీసే ఎర్రనీళ్లు ప్రతి ఇంట్లోనూ అలాగే తయారవుతాయి, నిజానికి ఆ గిన్నెడు నీళ్లే ఒక మంచి ప్రదర్శన: ఎర్రనీళ్లలో నిమ్మరసం పిండితే మళ్లీ పసుపురంగుకి తిరుగుతాయి. పుస్తకంలో ఇది లేకపోవడం వింతే.

శూలం బాగా చేశారు. నాలుక గుచ్చినట్టు కనిపించే వంపు సరిగ్గా నాలుక వెడల్పుకి ఉంది, అంచులు అరగదీశారు. దాన్ని ప్రదర్శనకీ ప్రదర్శనకీ మధ్య స్పిరిట్‌తో తుడవాలి, ఒకరు పెట్టుకున్నది ఇంకొకరు పెట్టుకోకూడదు. ఒకటి గమనించాలి: జాతరల్లో నిజంగానే గుచ్చుకునేవాళ్లున్నారు. ‘అంతా మోసం’ అని ఒక్కమాటలో తేల్చేస్తే, నిజంగా గుచ్చుకున్నవాళ్ల అన్నదమ్ములు జనంలోంచి లేస్తారు, వాళ్లదే న్యాయం. గుచ్చుకునేది నిజమైతే గాయమూ నిజమే, అది ఎందుకు తొందరగా మానుతుందో చెప్పాలి: నాలుకకి రక్తప్రసరణ ఎక్కువ.

కర్పూరం అరచేతిలో, నాలుక మీద వెలిగించే అంశం చూడ్డానికి తేలిక. మంట పైకి పోతుంది, అడుగు కాసేపటిదాకా వేడెక్కదు, నాలుక తడిగా ఉంటుంది, నోరు మూస్తే ఊపిరాడక ఆరిపోతుంది. బఠానీ గింజంత బిళ్ల చాలు, మూడు సెకన్లు దాటనివ్వకూడదు, మింగకూడదు, గాలి లోపలికి పీల్చకూడదు. కర్పూరం కడుపులోకి పోతే మూర్ఛలు తెప్పించే విషం, చిన్నపిల్లలకి కొద్దిపాటిది కూడా ప్రాణాంతకం. బడి ప్రదర్శనల్లో దీన్ని పూర్తిగా తీసెయ్యమనే మా సలహా. ఇంటికెళ్లి అద్దం ముందు చేసి చూసే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు.

మేకుల పలక జానెడే ఇచ్చారు, దాంతో బుడగ ప్రయోగం మాత్రమే అవుతుంది: ఒక మేకు మీద నొక్కితే బుడగ పేలుతుంది, వంద మేకుల మీద అదే బలానికి పేలదు. మనిషి పడుకునే పలక వడ్రంగి దగ్గర చేయించుకోవాలి. రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు చెక్కకి అంగుళం ఎడంలో కొడితే వెయ్యికి పైగా మేకులు పడతాయి. 60 కిలోల మనిషి వీపు, నడుము కలిసి 400 మేకులకి ఆనినా ఒక్కోదాని మీద పడేది 150 గ్రాములు. ఒక్క మేకు రెండు మిల్లీమీటర్లు పైకి లేచి ఉన్నా ఆ లెక్క చెడుతుంది, బద్ద పెట్టి సరిచూసి ఆకురాయి వెయ్యాలి. గాయాలయ్యేది పడుకున్నప్పుడు కాదు, పడుకోబోయేటప్పుడూ లేచేటప్పుడూ: బరువంతా మోచేతి కింద పది మేకుల మీద పడుతుంది. ఇద్దరు మనుషులు భుజాలు పట్టి దించాలి.

నిప్పుల నడక పెట్టెలో పట్టేది కాదు గానీ పుస్తకంలో అన్నిటికన్నా బాగా రాసిన భాగం అదే. వీరభద్రుడి గుండం, ద్రౌపది గుడి గుండం, పీర్ల పండుగ నిప్పులు, మూడూ తెలుగువాళ్లు కళ్లారా చూసేవే. దేవుళ్లు వేరు, మతాలు వేరు, కాళ్లు కాలకపోవడం ఒకటే. ఈ ఒక్క పోలిక వంద తిట్లకి సమానం. బొగ్గుకి ఉష్ణవాహకత తక్కువ, పైన బూడిద పొర ఇంకా అడ్డం, అడుగు ఆనేది సెకను కంటే తక్కువ. అదే వేడి ఇనుప రేకు మీద అడుగు పెడితే తోలు ఊడొస్తుంది. పది పన్నెండు అడుగుల గుండం, నాలుగైదు అంగల్లో దాటిపోవాలి. మంట పూర్తిగా చల్లారి నిప్పులు బూడిద పట్టాక, రెండంగుళాల మందాన పరిచి పారతో చదునుగా కొట్టాలి. గుల్లగా వదిలేస్తే కాలు దిగబడి పైభాగం కాలుతుంది. పాత తలుపుల చెక్క వాడితే మేకులుంటాయి, వాటితోనే అసలు ప్రమాదం. పాదాలు తడిపి నడవమని పుస్తకం చెబుతుంది. మేం ఒప్పుకోం: తడి పాదానికి నిప్పు ముక్క అతుక్కుంటుంది. పొడి పాదాలతో మామూలు నడక, చివర్లో తడి గోనెపట్ట. పరుగెత్తితే వేళ్లు నిప్పుల్లోకి గుచ్చుకుంటాయి. చక్కెరవ్యాధితో పాదాలు మొద్దుబారినవాళ్లని ఎంత ఉత్సాహపడినా దింపకూడదు.

కొన్ని పాత పెట్టెల్లో మెర్క్యురిక్ క్లోరైడ్ ఇప్పటికీ ఉంటుంది, అల్యూమినియం నాణెం చేతిలో వేడెక్కి బూడిద రాలే గారడీకి. బట్టలు వాటంతటవే తగలబడే బాణామతి చూపించడానికి భాస్వరం, కొబ్బరికాయలో మంటకి సోడియం ముక్క ఇచ్చేవాళ్లూ ఉన్నారు. మూడింటిలో ఏది కనిపించినా పెట్టె వెనక్కిచ్చెయ్యండి. పాదరసపు లవణం చర్మంలోంచి ఇంకే విషం, జనాన్ని జాగృతం చెయ్యడానికి మన మూత్రపిండాలు పణం పెట్టక్కర్లేదు.

ఇక పెట్టెలో లేనివి. ఉండాల్సినవి ఇవే, పైగా వీటికి అయ్యే ఖర్చు దాదాపు ఏమీ లేదు.

1995 సెప్టెంబరు 21న దేశమంతా వినాయకుడు పాలు తాగాడు. ఢిల్లీలో శాస్త్రజ్ఞులు రంగు కలిపిన పాలతో చేసి చూపించారు: చెంచా అంచు విగ్రహానికి తగలగానే తలతన్యత వల్ల పాలు పల్చటి పొరలా రాతి మీదికి లాగబడి కిందకి జారుతున్నాయి, తెల్లరాయి మీద తెల్లపాలు కాబట్టి కనబడలేదు. చెయ్యాల్సింది: చెంచా నిండుగా, అంచు దాటి ఉబ్బేంతగా పాలు పోసి, చిటికెడు కుంకుమ కలిపి, అంచుని మెల్లగా తాకించడం. చెంచా వెలితిగా ఉంటే పాలు కదలవు, అందరూ ఇక్కడే బోల్తా పడతారు. విగ్రహంతోనే చెయ్యాలన్న నియమం లేదు. స్టీలు ఏనుగు బొమ్మ, సీసా మూత, చివరికి అధ్యక్షుడిగారి కళ్లజోడు కూడా పాలు తాగుతాయి. కళ్లజోడు తాగినప్పుడు వచ్చే నవ్వు విగ్రహంతో రాదు, గొడవా రాదు.

2012 మార్చిలో ముంబయి విలేపార్లేలోని వేలంకన్ని మాత చర్చిలో శిలువ మీది ఏసు పాదాల నుంచి నీళ్లు కారడం మొదలైంది. జనం పట్టుకుని తాగారు. హేతువాది సనల్ ఎడమరుకు వెళ్లి చూసి, పక్కన పూడుకుపోయిన మురుగు కాలవ నీళ్లు గోడలోంచి కేశాకర్షణ (సన్నటి రంధ్రాల్లో నీళ్లు పైకి పాకడం) వల్ల పైకెక్కి శిలువ దగ్గర బయటికొస్తున్నాయని చెప్పారు. ఆ తర్వాత మతభావాలు గాయపరిచారని కేసులు పెట్టడంతో అదే ఏడాది దేశం వదిలి ఫిన్లాండ్ వెళ్లిపోయారు. ఈ సంగతి చూపించడానికి కావలసింది ఒక ఎండు ఇటుక, ఒక పళ్లెం, రంగునీళ్లు. ప్రదర్శన మొదట్లోనే ఇటుకని నిలబెట్టి వదిలెయ్యాలి, చివరికొచ్చేసరికి తడి గీత ఎంత పైకెక్కిందో జనమే వచ్చి చూసుకుంటారు. బాగా కాలిన నున్నటి ఇటుక పీల్చదు, నాటు ఇటుకే మేలు.

ఇక్కడే పుస్తకానికి రెండో మార్కు తెగుతుంది. నిప్పుల నడక ఒక్కటి మినహా అంశాలన్నీ హిందూ స్వాములవే. జనంలోంచి ‘దమ్ముంటే మిగతా మతాల్ని అనండి’ అనే మాట ఎప్పుడూ వచ్చేదే, రావడంలో తప్పూ లేదు. దానికి ఉపన్యాసం జవాబు కాదు, అంశమే జవాబు. స్వస్థత సభల్లో కాలు పొడుగయ్యే మహిమ నేర్చుకోండి: మనిషిని కుర్చీలో కాస్త పక్కకి వాలేలా కూర్చోబెడితే నడుము వంకరకి ఒక కాలు పొట్టిగా కనిపిస్తుంది. మడమలు పట్టుకుని పొట్టి కాలి బూటుని మెల్లగా ముందుకి లాగినా, నడుము నిటారు చేసినా, కాలు ‘సాగుతుంది’. వదులు బూట్లుండాలి, చెప్పులతో పనిచెయ్యదు. దర్గా దగ్గరి తాయెత్తూ గుడి దగ్గరి తాయెత్తూ పక్కపక్కన పెట్టి విప్పి చూపించడం ఇంకొకటి.

రాశిఫలాల కోసం ఫోరర్ పరీక్ష. 1948లో ఆ అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 39 మంది విద్యార్థులకి ‘నీ స్వభావం’ అని తలా ఒక కాగితం ఇచ్చి, ఎంత నిజమో మార్కులెయ్యమన్నాడు. సగటు 5కి దాదాపు 4.3. అందరికీ ఇచ్చింది ఒకే కాగితం. తెలుగులో మీరే రాసుకోండి: ‘పైకి ధైర్యంగా కనిపిస్తారు, లోపల చిన్న మాటకి కూడా నొచ్చుకుంటారు, మీ వాళ్ల కోసం చేసినంత మీకు ఎవరూ చెయ్యలేదు’, ఇలా పది వాక్యాలు. పుట్టిన తేదీ, నక్షత్రం అడిగి రాసుకుని, అరగంట తర్వాత కవర్లలో పెట్టి పంచాలి. అడిగిన వెంటనే ఇస్తే అనుమానిస్తారు. చివర్లో పక్కవాళ్లతో మార్చుకోమనాలి. ఒక్క పొగడ్త ఎక్కువైనా పట్టుబడతారు, మూడు మంచికి ఒక చెడు చొప్పున కలపండి.

నీళ్లలో తేలే రాయి కూడా చేర్చాలి. ప్యూమిస్ అనే అగ్నిపర్వతపు రాయి, అక్వేరియం షాపుల్లోనూ పాదాలు రుద్దుకునే సామానులోనూ దొరుకుతుంది. లోపలంతా గాలి గదులు, సాంద్రత నీటికన్నా తక్కువ. రోజుల తరబడి నీళ్లలో ఉంచితే కొన్ని మునిగిపోతాయి కూడా, ముందురోజే తొట్టిలో వేసి ఉంచకండి.

చట్టం గురించి పుస్తకంలో ఉన్న పేజీ పాతబడింది. అందులో పాత భారత శిక్షాస్మృతి (ఐపీసీ) 295ఎ సెక్షన్ అనే ఉంది. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది, దాని 299వ సెక్షన్ ఇప్పుడు ఆ పని చేస్తుంది: మతాన్ని గానీ మతవిశ్వాసాలని గానీ ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో అవమానిస్తే మూడేళ్ల దాకా జైలు. 302వ సెక్షన్ మాటలతో మతభావాలు గాయపరచడానికి, ఏడాది దాకా. వర్గాల మధ్య వైరం పెంచడం 196. 1957లో రాంజీలాల్ మోదీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగానే చెప్పింది, అజాగ్రత్తగా అన్న మాట దీని కిందకి రాదు, దురుద్దేశం ఉండాలి అని. మహేంద్రసింగ్ ధోనీని విష్ణుమూర్తిగా వేసిన పత్రిక ముఖచిత్రం మీద అనంతపురంలో నడిచిన కేసుని 2017 ఏప్రిల్‌లో కొట్టేస్తూ అదే మళ్లీ చెప్పింది. కోర్టు 299 కింద కేసు విచారణకి తీసుకోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి.

ఇదంతా చివరికి గెలవడానికి పనికొచ్చే సరంజామా, ఆ రాత్రికి పనికిరాదు. 299 కింద నేరం నాన్ బెయిలబుల్, వారెంటు లేకుండానే అరెస్టు చెయ్యొచ్చు. 2022 డిసెంబరులో అయ్యప్ప మీద మాటలకి తెలంగాణలో ఒక నాస్తిక వక్త అలాగే అరెస్టయ్యారు. శాస్త్రీయ దృక్పథం పౌరుడి విధి అనే రాజ్యాంగం 51ఎ(హెచ్) అధికరణాన్ని పుస్తకం కవచంలా ముద్రించింది. వేదిక మీద చెప్పుకోవడానికి బాగుంటుంది, స్టేషన్లో దాన్నెవరూ అడగరు. పనికొచ్చేవి వేరే: మైకు అనుమతి కాగితం, రాత్రి పదిలోపు ముగింపు, మొదటి నుంచి చివరి దాకా ఆపకుండా తీసిన వీడియో. నిమిషం ముక్క కత్తిరించి ఊరంతా తిప్పినప్పుడు ఆ ముందూ వెనకా ఏమన్నారో చూపించేది అదొక్కటే.

విగ్రహం పగలగొట్టడం లాంటివి పుస్తకంలో చివరి పేజీలో ‘సాహసించేవారికి’ అని ఉంది. చింపి పారెయ్యండి. పెరియార్ 1953లో తిరుచ్చిలో మట్టి వినాయకుణ్ణి పగలగొట్టిన కేసులో కింది కోర్టులు అది ఉత్త బొమ్మే అన్నాయి. 1958లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు, గుళ్లో ప్రతిష్ఠించకపోయినా ఒక వర్గం పవిత్రంగా చూసే వస్తువు ఏదైనా చట్టం కిందకి వస్తుందంది. కోర్టు మాట అటుంచినా, పగిలిన మట్టితో తేలిందేమిటి? మట్టి పగులుతుందని.

మరి దేవుడి మాట ఎక్కడ? ప్రదర్శన అయ్యాక పావుగంట విరామం ఇచ్చి, ఉండదలుచుకున్నవాళ్లే ఉండేలా రెండో సభ పెట్టండి. అక్కడ ‘నేను నాస్తికుణ్ణి’ అని మొదటి వాక్యంలోనే చెప్పి, మీ కారణాలు మీ సొంత పేరుతో చెప్పండి. లోకంలో బాధ ఎందుకుంది, ఇన్ని మతాల్లో ఒకటే నిజమని ఎలా తేలుతుంది, కులాన్ని ఏ గ్రంథం ఏమన్నది, ఏ పేజీలో అన్నది. గ్రంథం చేతిలో ఉండాలి, జ్ఞాపకం మీద చెప్పకూడదు. నమ్మే మనిషిని ‘మీరు’ అనే పిలవాలి, ‘మూఢులు’ అనే మాట మొత్తం సాయంత్రంలో ఒక్కసారి కూడా రాకూడదు. ముందు సభలో దాక్కుని ఇక్కడ ధైర్యం చెయ్యమని కాదు, అక్కడా ఎవరైనా సూటిగా అడిగితే నాస్తికుణ్ణనే చెప్పాలి. రెండు సభలకీ రుజువు చెయ్యాల్సిన విషయాలు వేరు, అంతే. పుస్తకం రాసినవాళ్లు ఈ రెండింటినీ ఒకే గిన్నెలో ఉడికించారు, రెండూ పచ్చిగానే మిగిలాయి.

కొనాలా వద్దా? కొత్తగా మొదలుపెట్టే బడి పంతులు కొనక్కర్లేదు: మందార పువ్వు, విభూతి, కుంకుమ పాలు, ఇటుక, కవర్లు, దిష్టినీళ్లు చాలు, గంటంబావు నడుస్తుంది, దేనికీ మంట అక్కర్లేదు. నలుగురైదుగురు కలిసి ఊళ్లు తిరిగే దళమైతే శూలం కోసం, హోమగుండం సామాను కోసం తీసుకోండి, గ్లిజరిన్ సీసాని వెంటనే వేరే సంచికి మార్చండి.

పర్మాంగనేటు ముట్టుకున్న వేళ్లు గంటలో గోధుమరంగుకి తిరుగుతాయి, సబ్బుకి పోవు, నిమ్మచెక్కతో రుద్దితే పోతాయి. సభ ముగిసేదాకా మాత్రం రుద్దకండి. ముందు వరస పిల్లల్లో ఎవరో ఒకరు ఆ మచ్చలేమిటని అడుగుతారు.